మొదటిసారి డీమ్యాట్ (షేర్లు ఉంచుకునే ఖాతా) తెరుస్తున్నా, ఏ బ్రోకర్ దగ్గర తెరవాలి? (హన్మకొండ)

హన్మకొండ_ల్యాబ్:

అందరికీ నమస్తే. నాకు 28 ఏళ్లు, హన్మకొండలో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇరవై నెలల లక్ష చిట్టీ ఒకటి కట్టా, పోయిన నెలతో అయిపోయింది. నెలకు 5,000 తీసి పక్కన పెట్టడం ఎలాగూ అలవాటైంది కాబట్టి ఈసారి ఇంకో చిట్టీ వేయకుండా ఆ పైసలు షేర్లలో పెడదామని ఉంది. రోజూ కొని రోజూ అమ్మే ఓపిక నాకు లేదు, డ్యూటీలో ఫోన్ చూసే వీలు కూడా లేదు. కొని ఐదారేళ్లు అలాగే ఉంచుతా, అంతే.

ఖాతా ఎక్కడ తెరవాలన్న దగ్గరే ఆగిపోయా. మా ల్యాబ్‌లో ఒకడు వాడి యాప్ లింకు పంపి రోజూ తెరిచావా తెరిచావా అని అడుగుతున్నాడు. జీతం పడే బ్యాంకులో మేడమ్ ఏమో మా దగ్గరే బ్యాంకు, డీమ్యాట్, ట్రేడింగ్ మూడూ కలిసిన త్రీ-ఇన్-వన్ ఖాతా తీసుకోండి, పైసలు ఎక్కడికీ పోవు అంటోంది. నక్కలగుట్టలో ఒకాయన ఆఫీసు పెట్టాడు, ఆయనైతే ఖాతా తెరిచి ఏం కొనాలో కూడా నేనే చెప్తా, నీకు టెన్షన్ ఉండదు అంటాడు. మా బాపు ఇవేవీ పట్టించుకోడు, ఆయన అడిగేది ఒకటే, "ఆ కంపెనీ తాళం వేసుకుని పోతే నీ షేర్లు ఎవరిని అడుగుతావు?" నిజం చెప్పాలంటే దానికి నా దగ్గర జవాబు లేదు. గతంలో ఒక ఫైనాన్స్ కంపెనీలో డిపాజిట్ పెట్టి ఆయన చేయి కాల్చుకున్నాడు, అందుకే ఆ భయం.

ఛార్జీలు ఎక్కడ తక్కువ, ఏది సేఫ్? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్:

ఏదో ఒకటి తెరువు తమ్మీ, ఇంత ఆలోచిస్తే మార్కెట్ ఇంకో వెయ్యి పాయింట్లు పైకి పోతుంది. అన్నీ ఒకటే. లింకు కావాలంటే మెసేజ్ పెట్టు, నీకూ నాకూ ఇద్దరికీ ఎంతో కొంత వస్తది.

సుబేదారి_లెక్కలు:

పైన లింకు ఇస్తానన్న అన్నకు దండం. అన్నీ ఒకటే కావు. అలాగని నువ్వు భయపడేంత తేడా కూడా లేదు తమ్ముడూ, నీ 5,000కి లెక్క వేసి చూపిస్తా చూడు.

ముందు ఒక మాట. మనం కట్టే ఛార్జీల్లో బ్రోకర్ చేతిలో లేనివే ఎక్కువ. డెలివరీకి, అంటే ఉంచుకోవడానికి, కొంటే 0.1 శాతం ఎస్‌టీటీ అనే పన్ను, అమ్మితే మళ్లీ 0.1 శాతం, అది ప్రభుత్వానికి పోతుంది. కొనేటప్పుడు స్టాంప్ డ్యూటీ 0.015 శాతం. ఎక్స్ఛేంజీ ఛార్జీ పైసల్లో ఉంటుంది. ఇవి జెరోధాలో కొన్నా, గ్రోలో కొన్నా, బ్యాంకు బ్రోకర్ దగ్గర కొన్నా ఒకటే. పదివేల రూపాయల షేర్లు కొని అదే రేటుకు అమ్మావనుకో, వీటికే సుమారు 22 రూపాయలు పోతాయి. అమ్మిన రోజు, షేర్లు డీమ్యాట్ నుంచి తీసినందుకు, డీపీ ఛార్జీ అని ఇంకోటి పడుతుంది, జీఎస్టీతో కలిపి చాలా చోట్ల పదిహేను, ఇరవై మధ్య. అంటే బ్రోకరేజీ సున్నా అని బోర్డు పెట్టిన చోట కూడా నీకు నలభై దాకా ఖర్చే. ఫ్రీ అన్న మాట అక్కడికే.

ఇక బ్రోకరేజీ. డెలివరీకి ఏమీ తీసుకోనివాళ్లు ఉన్నారు. 0.1 శాతం గానీ ఆర్డరుకు 20 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది తీసుకునేవాళ్లు ఉన్నారు. పాత పద్ధతి బ్రోకర్లు, బ్యాంకువాళ్లు కొందరు 0.5 శాతం దాకా తీసుకుంటారు. అదే పదివేలకు రెండో రకం దగ్గర రెండు వైపులా కలిపి జీఎస్టీతో 23 రూపాయల చిల్లర అదనం, మూడో రకం దగ్గర 118 అదనం. నువ్వు నెలకు 5,000 కొనుడే తప్ప అమ్ముడు లేదు కదా, ఏడాదికి చూస్తే సున్నా వాళ్లకూ రెండో రకానికీ తేడా 71 రూపాయలు. దీని కోసం నిద్ర పాడుచేసుకోకు. 0.5 వాళ్ల దగ్గరైతే 354, అది కొంచెం ఆలోచించాల్సిందే, ఎందుకంటే నీ పెట్టుబడి పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది.

ఎక్కువ పైసలు పోయేది వేరే దగ్గర. కొత్తవాళ్లు 5,000 పట్టుకుని పది కంపెనీల్లో తలా 500 పెడతారు. కొన్ని యాప్‌లలో ఆర్డరుకు కనీసం 5 రూపాయలు అని ఉంటుంది, పది ఆర్డర్లకు యాభై, జీఎస్టీ తొమ్మిది, మొత్తం 59. అంటే ఒక శాతం కంటే ఎక్కువ కొనేటప్పుడే పోయింది. తర్వాత ఆ 500 రూపాయల షేరును అమ్మబోతే డీపీ ఛార్జీ మూడు నాలుగు శాతం. డీపీ ఛార్జీ ఒక్కో కంపెనీ షేరుకు రోజుకు ఒకసారి పడుతుంది, ఒక్క షేరు అమ్మినా వెయ్యి అమ్మినా అంతే. కాబట్టి తక్కువ కంపెనీలు, ఒక్కో దాంట్లో కాస్త పెద్ద మొత్తం. లేదా మొదట నిఫ్టీ ఈటీఎఫ్ ఒకటి కొను, యాభై కంపెనీలు ఒకేసారి వస్తాయి.

ఏడాది ఫీజు గురించి బ్యాంకు మేడమ్‌ని కూడా అడుగు, యాప్ వాళ్లనూ అడుగు. బీఎస్‌డీఏ అని ఉంటుంది, చిన్న మదుపరుల కోసం షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ పెట్టిన డీమ్యాట్. 2024 సెప్టెంబర్ నుంచి నీ షేర్ల విలువ 4 లక్షల లోపు ఉంటే ఏడాది ఫీజు సున్నా, 4 నుంచి 10 లక్షల మధ్య 100 రూపాయలు. కానీ నీ పేరు మీద ఒక్క డీమ్యాటే ఉండాలి. మీ ల్యాబ్ దోస్తు లింకుతో ఒకటి, పైన అన్న లింకుతో ఒకటి, బ్యాంకులో ఒకటి తెరిచావో, ఈ సౌకర్యం పోతుంది. రెఫరల్ వంద కోసం ఏటేటా ఫీజు కట్టేవాళ్లను నేనే నలుగురిని చూశా.

కాజీపేట_జంక్షన్:

సరే సరే లింకు వాపస్ 😄 బీఎస్‌డీఏ సంగతి నాకే తెల్వదు, నాకు మూడు ఖాతాలున్నయ్.

మిర్చియార్డు_గుమాస్తా:

మీ బాపు అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు, ఛార్జీల లెక్కలోనే ఉన్నారు. నేను ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నా, షేర్లు కూడా పదిహేనేళ్లుగా కొంటున్నా. మీ బాపుకు అర్థమయ్యే భాషలో చెప్తా, ఆయనకు చదివి వినిపించు.

రైతు మిర్చి తెస్తాడు. రేటు లేకపోతే అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. బస్తాలు ఉండేది కోల్డ్ స్టోరేజీలో, అడ్తి దుకాణంలో కాదు. అడ్తిదారు అమ్మిపెడతాడు, కమీషన్ తీసుకుంటాడు. రేపు ఆ దుకాణం మూతపడితే రైతు బస్తాలకు ఏమవుతుంది? బాండు, అంటే కోల్డ్ స్టోరేజీ ఇచ్చే రసీదు, రైతు పేరు మీద ఉంటే ఏమీ కాదు, వేరే అడ్తి దగ్గరికి పోయి అమ్ముకుంటాడు. బాండు దుకాణం పేరు మీద రాయించుకుని ఉంటే మాత్రం ఇక పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుడే.

షేర్లకు కోల్డ్ స్టోరేజీలు మన దేశంలో రెండే ఉన్నాయి, వాటిని డిపాజిటరీలు అంటారు. ఎన్‌ఎస్‌డీఎల్ 1996 నుంచి, సీడీఎస్‌ఎల్ 1999 నుంచి. నీ షేర్లు ఉండేది వీటిలో ఒక దాంట్లో, నీ పాన్ మీద, నీ పేరు మీద. బ్రోకర్ అనేవాడు అడ్తిదారు మాత్రమే. ఈరోజు కొంటే మరుసటి పనిదినానికి షేరు నీ డీమ్యాట్‌లోకి రావాలి, 2023 జనవరి నుంచి అన్ని షేర్లకూ ఇదే పద్ధతి. బ్రోకర్ నచ్చకపోతే షేర్లు అమ్మకుండానే ఇంకో బ్రోకర్ దగ్గర తెరిచిన డీమ్యాట్‌కు మార్చుకోవచ్చు.

మరి బాండు తారుమారు కావడం జరగలేదా అంటే జరిగింది. మన హైదరాబాద్ కంపెనీయే, కార్వీ. ఖాతాదారుల షేర్లను తన ఖాతాలోకి మళ్లించుకుని బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి అప్పు తెచ్చిందని సెబీ 2019 నవంబర్‌లో ఉత్తర్వు ఇచ్చింది. ఖాతా తెరిచేటప్పుడు అందరం కళ్లు మూసుకుని సంతకం పెట్టిన, మన షేర్లు తీసే అధికారం బ్రోకర్‌కు ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ అనే కాగితం ఒకటుండేది, దాన్ని వాడుకున్నారు. తర్వాత డిసెంబర్‌లో ఎనభై వేల మందికి పైగా ఖాతాదారులకు షేర్లు వెనక్కి వచ్చాయి, కానీ అందరికీ వెంటనే రాలేదు. ఆ తర్వాతే నిబంధనలు బిగిశాయి. ఇప్పుడు షేరు అమ్మాలంటే డిపాజిటరీ నుంచి నీ ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, టీపిన్ అనే రహస్య నంబరు కొట్టాలి. తాకట్టు పెట్టాలన్నా నీ ఓటీపీ కావాలి. పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అని చిన్న కాగితం వచ్చింది. అదీ తప్పనిసరి కాదు. ఇవ్వకపోతే అమ్మిన ప్రతిసారీ టీపిన్ కొట్టాలి, అంతే. ఐదేళ్లకోసారి అమ్మేవాడివి, నీకెందుకు అది. నేనైతే ఇవ్వలేదు.

ఇంకో సంగతి. షేర్లు డిపాజిటరీలో ఉంటాయి సరే, కానీ కొనడానికి వేసి, కొనకుండా వదిలేసిన పైసలు బ్రోకర్ దగ్గర ఉంటాయి. నిబంధన ప్రకారం నువ్వు ఎంచుకున్నట్టు నెలకోసారి గానీ మూడు నెలలకోసారి గానీ వాటిని నీ బ్యాంకు ఖాతాకు తిప్పి పంపాలి. అయినా సరే, అడ్తి దగ్గర పైసలు వదిలిపెట్టడం నాకు ఇష్టం ఉండదు. కొనే రోజే వేయి, కొను.

ఖాతా తెరిచాక డీమ్యాట్ నంబరు చూడు. మొత్తం 16 అంకెలే ఉంటే సీడీఎస్‌ఎల్, ఐ ఎన్ అన్న అక్షరాలతో మొదలైతే ఎన్‌ఎస్‌డీఎల్. సీడీఎస్‌ఎల్ అయితే వాళ్ల 'ఈజీ'లో నేరుగా రిజిస్టర్ చేసుకో, బ్రోకర్ యాప్ తెరవకుండానే నీ షేర్లు అందులో కనిపిస్తాయి. కొన్న నెలకు మెయిల్‌లో స్టేట్‌మెంట్ కూడా డిపాజిటరీ నుంచే వస్తుంది. యాప్‌లో చూపించేదీ అందులో ఉన్నదీ ఒకటేనా అని చూసుకో. ఖాతా తెరిచేటప్పుడు ఏజెంటు ఫోన్ నంబరో, ఏజెంటు మెయిలో రాయిస్తే మాత్రం ఈ చెప్పిందంతా దండగ. నీ నంబరు, నీ మెయిల్.

కరీంనగర్_టీచరమ్మ:

గుమాస్తా గారూ, కోల్డ్ స్టోరేజీ మాట మా ఆయనకు చదివి వినిపించా, ఐదేళ్లుగా షేర్లు కొంటున్న మనిషి ఇప్పుడు అర్థమైంది అంటున్నాడు.

తమ్ముడూ, నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా, నువ్వు చేయకు. బ్రోకర్ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు సగం నాదే. ఒక కంపెనీ షేర్లు 40,000కు కొందామని యాప్ తెరిచా. కొనే బటన్ పక్కన ఇంకో బటన్, అందులో కట్టాల్సింది 16,000 మాత్రమే అని కనపడింది. ఏదో ఆఫర్ అనుకున్నా! వాయిదాల్లో చీర కొన్నట్టు అనుకున్నానో ఏమో, దాన్నే నొక్కా. ఓటీపీ వచ్చింది, అదీ కొట్టేశా. అది ఎంటీఎఫ్. అంటే మిగిలిన 24,000 బ్రోకర్ అప్పు ఇచ్చినట్టు, షేర్లు వాళ్ల దగ్గర తాకట్టులో ఉన్నట్టు. ఏడాదికి 15 శాతం లెక్కన రోజుకు పది రూపాయల దాకా వడ్డీ. యాభై రోజుల తర్వాత లెడ్జర్ చూస్తే దాదాపు 500 పోయింది, తాకట్టు పెట్టినందుకు ఛార్జీ, విడిపించినందుకు ఛార్జీ వేరే. యాభై రోజులు ఎందుకు పట్టిందంటే, యాప్ మొదటి పేజీలో లాభం ఆకుపచ్చగా కనపడుతుంది, వడ్డీ మాత్రం ఎక్కడో లోపల లెడ్జర్‌లో ఉంటుంది.

అందుకే నేను చెప్పేదేంటంటే, బ్రోకరేజీ ఎంత అని చూడకముందు ఆ యాప్ నిన్ను ఎటు తోస్తోందో చూడు. డెలివరీ సున్నా అన్నప్పుడు వాళ్లకు ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది? రేటు ఎటు పోతుందో అని పందెం లాంటి ఆప్షన్లు ఆడేవాళ్ల నుంచి, ఏ రోజుకారోజు కొని అమ్మే ఇంట్రాడే వాళ్ల నుంచి, నాలాగా అప్పు బటన్ నొక్కేవాళ్ల నుంచి. సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్కలు బయటపెట్టింది, 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లకు పైనే. ఖాతా తెరిచేటప్పుడు ఎఫ్ అండ్ ఓ (అదే ఫ్యూచర్స్, ఆప్షన్లు) కూడా కావాలా అని అడుగుతారు, దానికి ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటో జీతం స్లిప్పో ఇవ్వమంటారు. ఇవ్వకు. ఆ తలుపు మూసే ఉండనీ. మా స్కూల్‌లో ఒక సార్ "ఊరికే ఆన్ చేసి పెట్టుకున్నా" అన్నాడు, ఇప్పుడు జీపీఎఫ్ లోన్ పెట్టాడు.

అన్నట్టు మార్కెట్ బాగా ఊగిన రోజు యాప్ తెరుచుకోకపోవడం కూడా ఉంటుంది. నీలాంటివాడికి దాంతో పెద్ద నష్టం లేదు. ఆ రోజు అమ్మాలనుకునేవాడికే బాధ.

హన్మకొండ_ల్యాబ్:

అందరికీ చాలా థ్యాంక్స్. బాపుకు కోల్డ్ స్టోరేజీ సంగతి చెప్పా. ఆయన వెంటనే "మరి ఆ కోల్డ్ స్టోరేజీ మునిగితే?" అన్నాడు 😅 వాటిని సెబీ చూసుకుంటుంది, అక్కడ షేర్లు నా పేరు మీదే ఉంటాయని చెప్పా, తలకాయ ఊపాడు కానీ నమ్మినట్టు లేదు.

రెండు డౌట్లు. నక్కలగుట్ట ఆయన నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, యాప్‌లు నమ్మకు, ఏదైనా అయితే ఎవరి కాలర్ పట్టుకుంటావు, నేనైతే ఇక్కడే ఉంటా కదా అంటున్నాడు. అందులోనూ న్యాయం ఉంది అనిపిస్తోంది. రెండోది, మా దోస్తు ఒక వాట్సాప్ గ్రూపులో కలిపాడు, అందులో రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు, వాళ్ల యాప్ వేరే ఉందట, ఫైల్ పంపుతాం ఇన్‌స్టాల్ చేసుకో అంటున్నారు. దాంట్లో ఐపీఓ షేర్లు, అంటే కంపెనీ మొదటిసారి జనానికి అమ్మేవి, గ్యారంటీగా వస్తాయట.

సుబేదారి_లెక్కలు:

రెండోదానికి ముందు జవాబు: ఆ గ్రూపులోంచి ఇప్పుడే, ఇది చదువుతూనే, బయటికి రా. ఫైల్ ఇన్‌స్టాల్ చేయకు. ఐపీఓ షేర్లు గ్యారంటీగా ఇచ్చేవాడు ఎవడూ లేడు. అప్లికేషన్లు ఎక్కువ వస్తే చిన్న మదుపరులకు లాటరీనే, నీ పైసలు నీ బ్యాంకులోనే బ్లాక్ అయి ఉంటాయి, షేర్లు రాకపోతే విడుదల అవుతాయి, మధ్యలో ఎవరికీ పంపే పని లేదు. ఆ యాప్‌లో నీ లక్ష మూడు లక్షలైనట్టు చూపిస్తారు, తీసుకోబోతే ట్యాక్స్ కట్టు, ఫీజు కట్టు అని ఇంకో లక్ష లాగుతారు. నిజమైన బ్రోకర్‌కు సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, ఐ ఎన్ జెడ్‌తో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే పేరు కనపడాలి. మీ దోస్తు ఇప్పటికే పైసలు వేసి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమను, ఈరోజే, రేపు కాదు.

మంచిర్యాల_రిటైర్డ్:

మొదటి డౌటుకు నేను చెప్తా, ఎందుకంటే ఇక్కడ అందరూ యాప్‌ల వైపే ఉన్నారు. నేను సింగరేణిలో చేసి రిటైర్ అయినవాణ్ని. మా దగ్గర కాగితం షేర్లు ఉండేవి, 1990లలో కొన్నవి, మా అన్న పేరు మీద కొన్ని, నా పేరు మీద కొన్ని. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లు అలాగే ఇంకొకరికి బదిలీ చేయడం కుదరదు, డీమ్యాట్ చేయించాల్సిందే అన్నారు. సంతకం కలవలేదని ఒకసారి, పేరులో ఇనీషియల్ తేడా అని ఒకసారి వెనక్కి పంపారు. ఏ యాప్ వచ్చి నాకా పని చేసిపెడుతుంది? ఇక్కడ ఒక బ్రోకర్‌కు ఆథరైజ్డ్ పర్సన్‌గా, అంటే నమోదైన ఏజెంటుగా, ఉన్న ఒకతను నాలుగు నెలలు తిరిగి చేయించాడు. అతను తీసుకునే బ్రోకరేజీ ఎక్కువే. ఇస్తున్నా. నా వయసులో ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడే మనిషి కావాలి.

కాబట్టి మనిషి ఉంటే మోసం, యాప్ అయితే సేఫ్ అనుకోవద్దు. మనిషిని ఎలా చూడాలో చెప్తా. అతని పేరు ఆ బ్రోకర్ తరఫున ఎక్స్ఛేంజీలో ఆథరైజ్డ్ పర్సన్‌గా నమోదై ఉందా లేదా చూడు. చెక్కు గానీ యూపీఐ గానీ బ్రోకర్ కంపెనీ ఖాతాకే పోవాలి, అతని సొంత ఖాతాకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. పాస్‌వర్డు, ఓటీపీ అడిగితే లేచి వచ్చేయ్. ప్రతి లావాదేవీకి కాంట్రాక్ట్ నోట్ అనే బిల్లు నీ మెయిల్‌కు రావాలి. "ఏం కొనాలో నేనే చెప్తా, నీకు టెన్షన్ ఉండదు" అన్నాడు చూడు, నాకు నచ్చనిది అదే. ఎక్కువ కొనిపించి ఎక్కువ అమ్మిస్తేనే అతనికి కమీషన్. మా అతను ఏడాదికి రెండుసార్లు కూడా ఫోన్ చేయడు, అందుకే అతని దగ్గర ఉన్నా.

మిర్చియార్డు_గుమాస్తా:

మంచిర్యాల సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు. మా మార్కెట్‌లో కూడా రైతును రోజుకో సరుకు అమ్ము అని తొందర పెట్టే అడ్తిదారు దగ్గర ఎవరూ ఎక్కువ రోజులు నిలబడరు. కానీ ఈ తమ్ముడికి కాగితం షేర్లు లేవు, వయసు 28, తన ఫోన్ తను చూసుకోగలడు. అందుకని నా ఓటు యాప్‌కే. కాలర్ పట్టుకునే సంగతి అంటావా, ముందు బ్రోకర్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు, తేలకపోతే సెబీ ఫిర్యాదుల వెబ్‌సైట్ స్కోర్స్‌లో పెట్టు. కాలర్ పట్టుకున్నదాని కంటే అదే పని చేస్తుంది. ఒకసారి నేను చేశా, బ్రోకర్ మెయిల్‌కు పదిహేను రోజులు జవాబు లేదు, స్కోర్స్‌లో పెట్టిన వారానికి ఫోన్ వచ్చింది.

కరీంనగర్_టీచరమ్మ:

బ్యాంకు త్రీ-ఇన్-వన్ గురించి ఎవరూ చెప్పలేదు కదా. అదేం చెడ్డది కాదు, పైసలు బ్యాంకు ఖాతాలోనే ఉండి కొన్నప్పుడే కట్ అవుతాయి, గుమాస్తా గారు చెప్పిన మిగిలిపోయిన పైసల బాధ ఉండదు. బ్రోకరేజీ అడిగి, ఏడాది ఫీజు అడిగి, దాంతోపాటు ఏదైనా ఇన్సూరెన్స్ పాలసీ అంటగడుతున్నారా అని కూడా అడుగు. నాకైతే అంటగట్టారు.

హన్మకొండ_ల్యాబ్:

మూడు వారాల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా, చాలామంది పర్సనల్‌గా అడిగారు.

గ్రూపు నుంచి ఆరోజే బయటికొచ్చా. మా దోస్తు 12,000 వేశాడట, 1930కి ఫోన్ చేయించా, ఇంకా ఏమీ తేలలేదు. బ్యాంకు మేడమ్‌ని బ్రోకరేజీ ఎంత అని అడిగితే బ్రోచర్ ఇచ్చింది, ఏడాది ఫీజు, పాలసీ రెండూ అందులో చిన్న అక్షరాల్లో ఉన్నాయి. నక్కలగుట్ట ఆయన్ని ఆథరైజ్డ్ పర్సన్ నంబరు అడిగా, రేపు చెప్తా అన్నాడు, తర్వాత ఫోన్ లేదు.

చివరికి డెలివరీ ఛార్జీ లేని ఒక యాప్‌లో తెరిచా, ఏది అని చెప్పను, చెప్తే కాజీపేట అన్న లింకు పెడతాడు. పాన్, ఆధార్, క్యాన్సిల్ చెక్కు, సెల్ఫీ, ఇరవై నిమిషాల్లో అయిపోయింది, నంబరు రావడానికి రెండు రోజులు పట్టింది. ఎఫ్ అండ్ ఓ వద్దన్నా, డీడీపీఐ ఇవ్వలేదు. బీఎస్‌డీఏ దానంతటదే వచ్చిందో లేదో అర్థం కాక టికెట్ పెట్టా, వచ్చిందని జవాబు వచ్చింది. 5,000లో 4,000కు నిఫ్టీ ఈటీఎఫ్ కొన్నా, వెయ్యి తిరిగి బ్యాంకుకు తెచ్చుకున్నా. కొనేటప్పుడు టీచరమ్మ చెప్పిన బటన్ నాకూ కనపడింది! పెద్దగా, రంగులో ఉంది.

మరుసటి రోజు సీడీఎస్‌ఎల్ నుంచి మెసేజ్ వచ్చింది. బాపు "కాగితం ఏది" అన్నాడు. కాగితం ఉండదన్నా. ఈజీలో తెరిచి నా పేరు, కొన్నవి చూపించా. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, చిట్టీ లెక్కలు రాసే డైరీ తెచ్చి ఆ 16 అంకెలు రాసుకున్నాడు. ఒక అంకె తప్పు రాశాడని కొట్టేసి మళ్లీ రాశాడు.

సుబేదారి_లెక్కలు:

నామినీ పెట్టావా?

హన్మకొండ_ల్యాబ్:

పెట్టా, అన్నా. అమ్మ పేరు. బాపుకు చెప్పలేదు.